కలిపింది తీసేసి

రేకుల మీద నీళ్ళ చప్పుడు.

కోర్టు లోపలి వరండాలో కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారే గొడుగులు తడుముకున్నారు. వాన, అన్నారెవరో. పాడు వాన, అన్నారు ఇంకెవరో.

లాయరమ్మ మాత్రం లేచి కిటికీ దాకా వెళ్ళింది. చెయ్యి బయటికి చాపింది. అరచేతిలో చినుకు పడింది.

వానే.

అప్పుడొచ్చి కూర్చుంది.

జుట్టు నెరిసినా ఆ అలవాటు పోలేదు. ఇంట్లోనూ అంతే. పాలు పొంగాయని ఎవరైనా అంటే, పొంగడం చూశావా, వాసనొచ్చిందా అని అడుగుతుంది. "నాది కాపురం కాదు, క్రాస్ ఎగ్జామినేషన్" అంటాడు మొగుడు, స్టవ్ తుడుస్తూ.

ఈ అలవాటు అంటించింది కిటికీ మేడమ్.

లా కాలేజీలో సాక్ష్యం పాఠం ఆవిడది. మొదటి రోజు క్లాసులో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. లైట్లు వేసి ఉన్నాయి. బయట రేకుల మీద నీళ్ళ చప్పుడు... ఆగకుండా.

"బయట ఏమవుతోంది?" అడిగింది మేడమ్.

"వాన పడుతోంది మేడమ్!" అందరికంటే గట్టిగా అరిచింది వెనక బెంచీ పిల్ల. ఈనాటి లాయరమ్మ.

"వెళ్ళి కిటికీ తియ్యి."

తీసింది. కళ్ళు చెదిరే ఎండ. మేడ మీద ట్యాంకు నిండి, నీళ్ళు క్యాంటీన్ రేకుల మీదికి ధారగా కారుతున్నాయి.

క్లాసంతా గొల్లున నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

"నీ చెవి అబద్ధం చెప్పలేదమ్మా. నీళ్ళ చప్పుడు విన్నావు. అది నిజం. వాన అన్నది నువ్వు కలిపావు. కలిపింది తీసేసి మళ్ళీ చెప్పు."

అంతే. పాఠం అయిపోయింది.

ఆ రోజుల్లో బట్టీపట్టిన సెక్షన్లలో సగం మారిపోయాయి. కొన్ని రద్దయ్యాయి. ఈ మాట రద్దు కాలేదు.

ఈ ఉదయం ఆ మాట బరువుగా ఉంది.

బేకరీలో కేకుల మీద పేర్లు రాసే అమ్మాయి కేసు. కూతురు తన దగ్గర ఉండాలా, తండ్రి దగ్గరికి పోవాలా... అదీ తేలవలసింది. తండ్రి పిల్లను కొట్టేవాడని తల్లి చెబుతోంది. ఒకే ఒక్క సాక్షి, పక్కింటి పెద్దావిడ.

"కొట్టడం చూశానని చెప్పేస్తానమ్మా. నాదేం పోయింది?" అంది పెద్దావిడ, వరండాలో బెంచీ మీద కూలబడి.

"చూశారా?"

"చూడటమెందుకు? విన్నాను కదా!"

"అయితే విన్నదే చెప్పండి. చూశానని మాత్రం అనకండి."

తల్లి ముఖం పాలిపోయింది. "ఒక్క మాట మేడమ్! ఆ ఒక్క మాటతో నా పిల్ల నాకు దక్కుతుంది. పిన్నిగారు చెబుతానంటుంటే మీరే వద్దంటారేంటి? మీరు ఎవరి తరఫు?"

లాయరమ్మ దగ్గర జవాబు ఉంది. ఆ తల్లి కళ్ళలోకి చూసి చెప్పేంత ధైర్యం లేదు. ఫైలు చంకలో పెట్టుకుని లోపలికి నడిచింది.

బోనులో పెద్దావిడ.

"అంటే మీరు కళ్ళతో చూడలేదు," అన్నాడు అవతలి లాయరు, గెలిచినట్టు.

"అడ్డంగా గోడుంది కదా బాబూ, ఎలా చూస్తాను?"

ఎవరో నవ్వారు.

"మరి ఏం తెలుసు మీకు?"

"పళ్ళెం గోడకి తగిలి కింద పడింది. పిల్ల 'వద్దు నాన్నా' అంది. ఇంకో చప్పుడు... చప్పట్లు కొట్టినట్టు, ఒక్కటే. తర్వాత పిల్ల గొంతు లేదు. దానికే బాగా భయమేసింది బాబూ. ఏడిస్తే బావుండేది."

అవతలి లాయరు ఇంకేదో అడగబోయి, కూర్చున్నాడు.

జడ్జిగారు తలెత్తి పెద్దావిడను చూశారు. తల దించుకుని రాసుకున్నారు. చాలాసేపు రాసుకున్నారు.

తీర్పు మధ్యాహ్నం అన్నారు.

మళ్ళీ వరండా. పెద్దావిడ గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. తల్లి వేళ్ళ సందుల్లో నిన్నటి గులాబీ రంగు క్రీము ఇంకా వదల్లేదు. ఆ వేళ్ళనే చూసుకుంటోంది.

"మనకే వస్తుందంటారా మేడమ్?"

వస్తుంది అనొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటకు ఈ అమ్మాయి కాస్త అన్నం తింటుంది.

"జడ్జిగారు ఆవిడ మాట పూర్తిగా విన్నారు. రాసుకున్నారు. అంతవరకు చూశాను."

"అంతేనా?"

"అంతే."

తల్లి ముఖం తిప్పుకుంది. కోపం తగ్గలేదు. తగ్గవలసిన పనీ లేదు.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో దగ్గారు. తలుపు తెరుచుకోలేదు.

రేకుల మీద నీళ్ళ చప్పుడు... ఆగినట్టే ఆగి, మళ్ళీ.

"ఇంకా వానేనా?" అంది పెద్దావిడ, కళ్ళు తెరవకుండానే.

లాయరమ్మ లేవబోయింది.

అంతకుముందే తల్లి లేచింది. కిటికీ దాకా వెళ్ళింది. క్రీము మరకల చెయ్యి బయటికి చాపి, నిలబడింది.