రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నావ్?

తలుపు మీద మూడో దెబ్బకి గొళ్ళెం ఊగిపోయింది. పోలీసామె మంచాన్ని అడ్డం లాగి, సాక్షిని బాత్రూంలోకి తోసింది.

"గోడ పక్కన కూర్చో. నేను పిలిచేదాకా కదలకు."

సాక్షి మిల్లులో కుట్టుపని మనిషి. యజమాని తన మేనేజర్ గొంతు నులమడం కళ్ళారా చూసింది. రేపు కోర్టులో చెప్పాలి. అందాకా ఎవరికీ తెలియకుండా ఈ ఇంట్లో దాచారు.

తలుపు చీలింది. పోలీసామె రెండుసార్లు కాల్చింది. మెట్ల మీద ఎవడో దొర్లిన చప్పుడు, పరుగులు. హమ్మయ్య అనుకునేలోపు బాత్రూం కిటికీ వైపు తుపాకీ మోగింది. ఇటువైపు గోలంతా తనని ఏమార్చడానికేనని అప్పటిగ్గానీ తెలియలేదు.

"నువ్వన్నట్టే కదల్లేదక్కా," అంది నెత్తుటి మడుగులో సాక్షి. ఆ తర్వాత మాట్లాడలేదు.

ఆ తల ఒళ్ళో పెట్టుకుని కూలబడింది ఆమె. పెళ్ళైన దగ్గర్నుంచీ చేసింది కాపలానే. పొయ్యి మీది పాలకి, పిల్లాడి జ్వరానికి, మొగుడి కోపానికి. అన్నీ కాసి డ్యూటీకి పరిగెడితే, "ఊరికి కాపలా, ఇంటికి తాళం" అని అత్తగారు దెప్పేది. నిద్రంటే బస్సులో కడ్డీ పట్టుకుని కన్నుమూయడమే. "నువ్వు కాసేపు పడుకో అక్కా, నేను చూస్తుంటాలే" అన్న మనిషి ఇన్నేళ్ళలో ఈమె ఒక్కతే.

ఫోన్ మోగింది. మొగుడు.

"నీకేం కాలేదుగా?"

ఇంకా ఎవరికీ కబురే పోలేదు.

"నాకేం అవుతుంది?"

"అదే, నీ జోలికి రామనే చెప్పార్లే ఆ మిల్లు వాళ్ళు. ఆవిడ సంగతి తేలిపోతే నువ్వూ ఇంటికొస్తావని ఆ చోటు చెప్పాను. ఎన్నాళ్ళని హోటల్ కూడు తినమంటావ్?"

మొన్న ఫోన్లో ఒకటే పోరు. పెళ్ళాం రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటుందో మొగుడికి తెలియక్కర్లేదా అని. కళ్ళు మూతలు పడుతుంటే, ఆ నోరు మూయించడానికి ఈ ఇంటి గుర్తులు చెప్పేసింది.

పెద్దాఫీసరు వచ్చాడు. గది చూశాడు, ఆమెని చూశాడు.

"ఈ చోటు మనిద్దరికే తెలుసు. ఆవిడే ఎవరికో ఫోన్ చేసుంటుంది. అలాగే రాసేద్దాం. పోయిన మనిషి కాదంటుందా? నీకూ సంసారం ఉందమ్మా."

ఉంది. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, ఇల్లూ పోతుంది. పిల్లాణ్ణి తన దగ్గర ఉండనిస్తారో లేదో. విప్పినా ఈ మనిషి మాత్రం లేవదు.

సాక్షి తలని మెల్లగా నేల మీద ఆనించి లేచింది.

"ఆవిడ ఎవరికీ చెప్పలేదు సార్. చెప్పింది నేను. చంపించింది మా ఆయన."