మర్యాద గల జబ్బు

మా అక్క మొగుడు టవర్ క్రేన్ నడుపుతాడు. నేను కింద నిలబడి వాకీటాకీలో దారి చెబుతాను. మా ఇద్దరికీ మధ్య ఇరవై అంతస్తుల ఎత్తున ఇనుప నిచ్చెన. ఆయన బరువు దించాడంటే పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు ఉంటుంది. ఈ మాట ఆయన ముందు అనను. బావల్ని పొగిడితే నెత్తికెక్కుతారు.

ఈమధ్య ఆయన మాటిమాటికీ కిందికి దిగడం మొదలుపెట్టాడు. మరుగుదొడ్డిలో దూరితే ఓ పట్టాన బయటికి రాడు. లోపల కాపురం పెట్టావా ఏంటని ఆటపట్టించాను. ఆ తర్వాత దిగడమే మానేశాడు. ఎలాగంటే, నీళ్లు మానేశాడు. మండుటెండలో, ఆ అద్దాల గదిలో, పని ముగిసేదాకా గుక్కెడు నీళ్లు ముట్టేవాడు కాదు. ఇలాంటి తెలివి క్రేన్ నడిపేవాళ్లకే పుడుతుంది.

దానికి తోడు జలుబు చేస్తే మందుల షాపులో అడిగి ఏదో బిళ్ల వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన మెట్టుమెట్టుకీ ఆగుతూ నిచ్చెన దిగాడు. పొత్తికడుపు ఉబ్బి చెక్కలా బిగుసుకుపోయింది. ఒక్క చుక్క రావడం లేదు.

ఆసుపత్రిలో గొట్టం వేశాక గానీ ప్రాణం లేచిరాలేదు. డాక్టరమ్మ విడమరచి చెప్పింది. మూత్రనాళం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి వయసుతో పాటు పెరిగి నాళాన్ని నొక్కుతోందట. అసలే ఇరుకు దారి, జలుబు బిళ్ల దాన్ని ఇంకా బిగించిందట. నీళ్లు మానేస్తే గ్రంథి తగ్గదని, మూత్రం చిక్కబడి ఇంకా ఇబ్బంది పెడుతుందని చీవాట్లు పెట్టింది. పరీక్షలన్నీ చేయించి, క్యాన్సర్ ఛాయలేవీ కనబడలేదని చెప్పి మందు రాసింది. కొన్నాళ్లకు గొట్టం తీశారు. ధార మామూలుగానే వచ్చింది. తనకు కూడా చెప్పనందుకు మా అక్క ఏడుస్తూనే దులిపేసింది.

అసలు భయం పని గురించి. జబ్బు మనిషిని మళ్లీ క్రేన్ ఎక్కనిస్తారా? కిడ్నీలో రాయి అని చెబుదామని బావకు దారంతా నూరిపోశాను. రాయంటే మర్యాద గల జబ్బు, ఎవరూ నవ్వరు.

సైట్ ఆఫీసులో ఇంజినీరు ఏమైందని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు.

"ప్రోస్టేట్ పెరిగింది సార్. మందు వాడుతున్నా. క్రేన్ ఎక్కొచ్చని డాక్టరు గారు చెప్పారు. కాకపోతే నీళ్లు తాగుతా, అవసరమైనప్పుడల్లా దిగుతా. దిగేముందు కొక్కేనికి బరువు లేకుండా చూసుకుంటా. దానికి ఒప్పుకుంటేనే ఎక్కుతా."

నాకు తల తీసేసినట్టయింది. కానీ ఆ గొంతులో బెరుకు లేదు. గాలి ఎక్కువగా ఉంది, బరువు ఎత్తను అని చెప్పేటప్పుడు వినిపించే గొంతే అది. మా బావని చూసి నాకు గర్వమేసింది.

ఇంజినీరు రేపట్నుంచి ఎక్కమన్నాడు. మేం గుమ్మం దాకా వచ్చేసరికి ఆయనే లేచి వచ్చి తలుపు మూశాడు.

"కూర్చోండి," అన్నాడు మెల్లగా. "మొదట్లో మీకెలా ఉండేది? వెళ్లి నిలబడినా వెంటనే వచ్చేది కాదా?"