ఖర్జూరానికి పోయిన ఇనుము

ఆ ఇనుప ముక్క తణికాచలం ఇంట్లో ఏడాదిన్నర పాటు వేరుశెనగ మూటల వెనక, గోనెపట్టాలో చుట్టి ఉండింది. జానెడున్నర పొడవు. ఒక కొసన కంపెనీ నంబరు అచ్చు, రెండో కొసన విరిగిన నోరు. పైన నల్లరంగు చెక్కు చెదరలేదు. లోపల మాత్రం తుప్పు తినేసి, రేకు అప్పడంలా పెళుసయిపోయింది. వేలితో నొక్కితే ఎర్రటి పొడి రాలేది. కారు ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే భాగం అది, ఆర్మ్ అంటారు. రెండు రేకులు అతికి డబ్బాలా చేసి, లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావడానికి ఒక బెజ్జం పెట్టడం మరిచిపోయారు మహానుభావులు. ఆ కంపెనీ పేరు నేను చెప్పను. పేరు చెప్పి దానికి మర్యాద చేసే ఉద్దేశం నాకు లేదు.

పొద్దున లేచి ముఖం కడుక్కోగానే, కాఫీ కూడా తాగకుండా, తణికాచలం ఆ గదిలోకి పోయేవాడు. పట్టా విప్పి, విరిగిన నోట్లోకి తొంగి చూసి, మళ్ళీ చుట్టి పెట్టేవాడు. దేవుడి పటానికి దణ్ణం పెట్టడమైనా ఏనాడన్నా తప్పిందేమో గానీ ఇది తప్పలేదు. ఎందుకు చూస్తున్నాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం గోవిందమ్మకీ చెప్పలేదు, అక్క మీనాంబకీ చెప్పలేదు. ఇంటి ఆడవాళ్ళకి చెప్పాల్సిన మాటలు ఊరి వకీలుకి చెప్పి, ఇంట్లో నోరు కుట్టేసుకోవడం మన మగవాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు.

డెబ్బై ఎనిమిదిలో, కార్తీకంలో వచ్చిన అమావాస్యనాడు జరిగింది అది. ఆరేళ్ళు కాచుకుంటే వచ్చిన కారును తణికాచలం తిరుత్తణిలో టాక్సీగా తిప్పుకుంటుండేవాడు. అమావాస్యకి తిరువళ్ళూరు వీరరాఘవస్వామి దగ్గరికి జనం విరగబడతారు కాబట్టి ఆ రోజు నాలుగైదు సవారీలు దొరికేవి. మీనాంబ మొగుడు చెంగల్వరాయుడికి పూండి దగ్గర సేద్యం. బావమరిది కారులో ముందు సీట్లో కూర్చుని తిరగడం ఆయనకు తీర్థయాత్రతో సమానం. అమావాస్య వచ్చిందంటే తువ్వాలు భుజాన వేసుకుని తయారయ్యేవాడు.

మధ్యాహ్నం భక్తుల్ని గుడి దగ్గర దించి, ఇద్దరే ఖాళీ బండిలో తిరుత్తణికి తిరిగి వస్తున్నారు. ఊరు దాటి ఆరేడు మైళ్ళు వచ్చాక ఎడం పక్క చక్రం ఒక్కసారిగా లోపలికి మడుచుకుంది. తణికాచలం చేతిలో స్టీరింగు ఉంది గానీ అది చెప్పినట్టు వినే బండి కింద లేదు. కారు ఎడమకి కోసుకుపోయి చింతచెట్టుకి గుద్దుకుంది. తణికాచలానికి మెడకింద ఎముక విరిగింది. ఎడం పక్క కూర్చున్న చెంగల్వరాయుడు అక్కడికక్కడే పోయాడు. ఒళ్ళో పెట్టుకున్న ప్రసాదం పొట్లం మాత్రం నలగలేదు.

కష్టం ఒంటరిగా రాదు కదా. ముందు రోజు రాత్రి తణికాచలం తిరుపతికి పెళ్ళి సవారీ తోలి తెల్లవారుజామున తిరిగొచ్చాడు. కండ్లెర్రగా ఉన్నాయనీ, వరసగా రెండు టీలు తాగాడనీ టీకొట్టువాడు పోలీసులకి చెప్పాడు. అది నిజమే. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి బ్రేకులు చూశాడు, స్టీరింగు చూశాడు, రెండూ బాగున్నాయని రాసుకుపోయాడు. అదీ నిజమే. ఈ రెండు నిజాలూ కలిపి వండితే డ్రైవరు నిద్రపోయాడన్న అబద్ధం తయారయింది. లైసెన్సు పట్టుకున్నారు, కేసు పెట్టారు. ఊరు ఊరంతా బావని చంపుకున్నాడని జాలిపడింది.

నిజానికి ఆ ముందు ఆగస్టులోనే, బండి మలుపు తిప్పినప్పుడల్లా ఎడం పక్క కిర్రుమంటోందని తణికాచలం మద్రాసు ఏజెన్సీకి పోయి మొరపెట్టుకున్నాడు. అక్కడి మేస్త్రీ కిందికి దూరి, స్క్రూడ్రైవరుతో ఆర్మ్ మీద టకటకా రెండు దెబ్బలు కొట్టి, రంగు కూడా పోలేదు, దీనికేం రోగమని పంపేశాడు. రంగుని నమ్మి వచ్చేశాడు తణికాచలం.

పిల్లలు లేని మీనాంబ కర్మకాండలు అయిపోయాక తమ్ముడింటికే వచ్చేసింది. అమ్మ పోయాక తణికాచలాన్ని సాకింది ఆమే. వచ్చిన దినం నుంచీ ఆ ప్రమాదం గురించి ఒక్క మాట అడగలేదు, ఒక్క మాట అనలేదు. వేళకి అన్నం పెట్టేది, మజ్జిగ పోసేది. తిట్టినా బాగుండు, దుమ్మెత్తి పోసినా బాగుండు అని తణికాచలం లోలోపల కుమిలిపోయేవాడు. ఆ మౌనమే వాడికి పెద్ద శిక్ష. తప్పు తమదేనని కంపెనీ రాసిచ్చే కాగితం చేతికి రానీ, అక్క ముందు పెట్టి చెబుతాను, ఉత్త నోటితో చెబితే సాకు అనుకుంటుంది అని ఊరుకున్నాడు. లైసెన్సు కోసం కాదు, జైలు భయంతో కాదు, వాడికి ఆ కాగితం కావలసింది అక్క కోసం. ఇంకొక సంగతి కూడా ఉంది. ఒకోసారి వాడికే అనుమానం వచ్చేది, ఒక్క క్షణం కన్ను మూతపడిందా అని. అప్పుడు పోయి ఇనుము చూసుకునేవాడు. లేదు, మూతపడలేదు అనేది ఇనుము.

నుజ్జయిన బండిని పోలీసులు వదిలాక మద్రాసు పుదుప్పేట పాతసామాన్లవాళ్ళు విప్పుకుని పోయారు. ఈ ముక్కనొక్కదాన్నీ తణికాచలం తీసి దాచుకున్నాడు. వకీలు దాన్ని చూసి పెదవి విరిచాడు. ఇనుప ముక్క ఎవడైనా తెస్తాడు, ఇది ఆ బండిదేననీ, దానంతటదే విరిగిందనీ కంపెనీవాడు ఒప్పుకోవాలి, అప్పుడే కోర్టులో నిలుస్తుంది అన్నాడు.

అలా వెతుక్కుంటూ పోతే తిరువళ్ళూరులో సుదర్శనం శెట్టి దొరికాడు. నూనెమిల్లు యజమాని, అదే రకం కారు ఉన్నవాడు. ఆయన కారు కింద కూడా అదే తుప్పు. మెల్లగా మరో అయిదుగురు తేలారు. ఒక డాక్టరు, శోళవరం రైసుమిల్లాయన, రిటైరైన హెడ్మాస్టరు, ఇంకో ఇద్దరు. అందరూ ఉత్తరాలు రాసినవాళ్ళే. శెట్టి వాటన్నిటినీ ఒక ఫైలు కట్టాడు. కంపెనీ జవాబులు చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. మీ రోడ్లు బాగాలేవు అని శెట్టికి రాశారు. మీ నీళ్ళలో ఉప్పుంది అని హెడ్మాస్టరుకి రాశారు. అడుగు భాగం కడగనందువల్ల తుప్పు పట్టింది అని డాక్టరుకి రాశారు. పొద్దూ మాపూ కడిగించే రైసుమిల్లాయనకి, అతిగా కడిగినందువల్ల తుప్పు పట్టింది అని రాశారు.

శెట్టి మొండివాడు, వదల్లేదు. మనిషి ప్రాణం పోయింది, విరిగిన ముక్క మా దగ్గరుంది, నంబరుతో సహా ఉంది అని రిజిస్టరు ఉత్తరం రాశాక గానీ కంపెనీలో కదలిక రాలేదు. ఎనభై మే నెలలో, ఒక శుక్రవారం గోపాలన్ అనే ఇంజనీరు వస్తున్నాడని జవాబొచ్చింది. ఆరు కార్లూ నూనెమిల్లు ఆవరణలో నిలిపి ఉంచండి, విరిగిన భాగం తప్పక చూపండి అని రాశారు.

ఆ ఉత్తరం వచ్చిన రోజే శెట్టి తణికాచలంతో అన్నాడు: "నాయుడూ, ఆ ముక్క తెచ్చి నా బీరువాలో పెట్టు. మా ఆరుగురి బండ్లూ తుప్పు పట్టినాయేగానీ విరగలేదు. విరిగింది నీదొక్కటే. మనకుండే సాక్షి అదే."

"నా దగ్గిరే ఉండనీ శెట్టిగారూ. నా చేతులతో తెస్తాను." దాన్ని చూడకుండా తనకు తెల్లవారదని ఆయనకెలా చెబుతాడు!

గురువారం పొద్దున మామూలుగా ఇనుము చూసుకుని, వాంగ్మూలం టైపు చేయించడానికి తణికాచలం రైలెక్కి తిరువళ్ళూరు పోయాడు. పని ముగిసి సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరాడు. చాన్నాళ్ళకి కాస్త మనసు తేలికపడి ఉంది. రేపటితో తేలిపోతుంది అనుకుంటూ కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. మీనాంబ ఇత్తడి గిన్నెలో ఖర్జూరపళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

ఖర్జూరాలు ఇంటికి ఎలా వస్తాయో తిరుత్తణిలో పుట్టినవాడికి చెప్పనక్కరలేదు. పాత ఇనుముకి ఖర్జూరం అని అరవంలో కేకేసుకుంటూ తోపుడుబండివాడు వీధివీధికీ వస్తాడు. ఓటి బాల్చీ, విరిగిన గుణపం, తుప్పట్టిన గొళ్ళెం ఏది వేసినా తూచి, దానికి తగ్గ పళ్ళు పొట్లం కడతాడు.

తణికాచలం గిన్నెకేసి చూశాడు. తరవాత లేచి గదిలోకి పోయాడు. వేరుశెనగ మూటలు ఒద్దికగా గోడకి జరిపి ఉన్నాయి. వెనకంతా ఊడ్చి ఉంది. గోనెపట్టా ఉతికి దండెం మీద ఆరేసి ఉంది.

యాడికి పోయినాడు బండోడు అని మాత్రం అడిగాడు. రైలుగేటు పక్కకి పొయినాడు అంది గోవిందమ్మ బిత్తరపోయి. చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా సైకిలు తొక్కాడు. గేటు దగ్గర పాతఇనుం కొట్టువాడు పాపం మంచివాడే. పొద్దున వచ్చిన సరుకంతా మధ్యాహ్నం లారీకే మద్రాసు కొలిమికి పోయిందని, ఈపాటికి కరిగి కూడా ఉంటుందని చెప్పాడు. అయినా తణికాచలం చీకటిపడేదాకా ఆ కొట్టువెనక మిగిలిన కుప్పని చేతులు కోసుకుపోతున్నా కెలుకుతూనే ఉన్నాడు.

శుక్రవారం వట్టి చేతులతో పోయాడు. గోపాలన్ చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. చొక్కా మాపుకుంటూ ఆరు కార్ల కిందికీ దూరి చూశాడు. తుప్పు ఉంది, ఉన్నమాటే, కానీ ఒక్కటీ విరగలేదు గదా అన్నాడు. విరిగిన భాగం ఏదని అడిగాడు. తణికాచలం ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ కుర్రవాడికి నవ్వు రాలేదు, అది మెచ్చుకోవాలి. తల దించుకుని, విరిగిన భాగం చూపలేకపోయారు అని రాసుకున్నాడు.  శెట్టి విప్పిన ఫైలు ముడి మళ్ళీ బిగించి కట్టాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి తణికాచలం అరుగుమీద కూలబడ్డాడు. మీనాంబ వచ్చి పక్కన కూర్చుంది. ఏడాదిన్నరలో ఆమె వాడి పక్కన కూర్చోవడం అదే మొదలు.

"కోపమా నాయనా?" అంది. "నువ్వు దినమూ పొద్దున్నే దాన్ని తీసి చూసుకోని కుమిలిపోతా ఉంటే నాకు చూసేదానికి కాలేదు. అది ఇంట్లో ఉండేదాకా నీకు నిమ్మళం లేదని వేసేసినా. నువ్వేమన్నా కావాలని చేసినావా? రాత్రంతా బండి తోలినావు, కన్ను మూతపడింది. మీ బావ రాత అట్లుండింది. నేను ఆ పొద్దే మన్నించేసినా. ఇంగ నువ్వూ మరిచిపో."

తణికాచలానికి కాళ్ళమీద పడి ఏడవాలనిపించింది, అరవాలనిపించింది. తిడుతుందనుకున్నాడు, ద్వేషిస్తుందనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ మౌనం నిండా ఉన్నది మన్నింపు అని వాడికి తట్టనేలేదు. చేయని తప్పుకి మన్నింపు.

"అక్కా, నేను నిద్రపోలేదు. ఆ ఇనుము తుప్పుపట్టి దానంతటదే విరిగింది. లోపలంతా తినేసింది. నేను నిద్రపోలేదక్కా."

మీనాంబ వాడి తల నిమిరింది. చిన్నప్పుడు జ్వరంలో పలవరిస్తే నిమిరినట్టే నిమిరింది.

"సరి నాయనా. నువ్వు నిద్రపోలేదు. ఇంద, తిను."

గిన్నెలోంచి ఒక పండు తీసి, గింజ ఒలిచి నోట్లో పెట్టింది. తణికాచలం నమిలాడు. మంచి పండే, తియ్యగా ఉంది.

మర్నాడు పొద్దున అలవాటుకొద్దీ ఆ గదిలోకి పోయాడు. మూటల వెనక చూడ్డానికేం లేదు. కన్ను మూతపడిందా అని మనసు అడిగింది. కాదనే దిక్కు లేదు. రెండు నెలలు రోజూ అడిగింది.

ఆడికృత్తిక పండగ ముందు వారం కేసు పిలిచారు. ఎలా చెప్పాలో వకీలు వల్లెవేయించాడు. సుదర్శనం శెట్టి ఫైలు ఒళ్ళో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. మీనాంబ గుమ్మం దగ్గర నిలబడింది. ఆ సమయంలో ఏం జరిగిందో చెప్పమని జడ్జి అడిగాడు. తణికాచలం వకీలుకేసి చూడలేదు, శెట్టికేసి చూడలేదు. 

"కన్ను మూతపడినట్టుంది సార్," అన్నాడు.

వకీలు కాగితాలు బల్లమీద పడేశాడు. గుమ్మం దగ్గర మీనాంబ చీర కొంగుతో కండ్లు తుడుచుకుంది. ఆమె ముఖంలో పెద్ద బరువేదో దిగిపోయింది. తమ్ముడు చివరికి నిజం ఒప్పుకున్నాడు, ఇక వాడికి నిద్రపడుతుంది అని గోవిందమ్మతో చెప్పింది.