ఆషాఢంల వచ్చిన ల్యాప్‌టాప్

చేవెళ్ల మెయిన్ రోడ్డు మీద పైపులు, నల్లాలు, మోటర్లు అమ్మే భద్రయ్య సేటుకు కొత్త వస్తువుల మీద ఎన్నడు మోజు లేదు. ఫోన్ గూడ పాతదే, అద్దం పగిలితే టేపు అతికించి నడిపిస్తున్నడు. గసొంటి మనిషి పోయిన చలికాలం నుంచి దుకాణంకొచ్చిన చదువుకున్నోళ్లను పట్టుకొని ఒక్కటే అడుగుడు. "సారూ, ఆ సన్న ల్యాప్‌టాప్ ఎప్పుడొస్తది? అదే, గేములాడేది. మీకేమన్న ఎరుకనా?" పక్కనున్న చిన్న మంగళారం ఊర్ల ఫామ్‌హౌస్ కట్టుకుంటున్న సాఫ్ట్‌వేర్ సార్లు నల్లాలు చూసుడు ఆపి ఈయన మొగం చూసేటోళ్లు. ఈ వయసుల గేములేంది సేటూ అని నవ్వేటోళ్లు. నవ్వనీ. వాళ్లకేం తెలుసు?

కావాల్సింది ఆయనకు కాదు, కొడుకు సాయిదీప్‌కు. పిల్లగానికి కండరాలు కరిగిపోయే రోగం. చిన్నప్పుడు నడుస్తూ నడుస్తూ పడుడు మొదలైంది. తర్వాత చక్రాల కుర్చీ వచ్చింది. ఆ తర్వాత కుర్చీల గూడ నడుము నిలువకపాయె. కాళ్లు పోయినయ్, భుజాలు పోయినయ్, మిగిలినయి వేళ్లు. అన్నిటికంటే ఆఖరికి పోయేటివి అవేనని డాక్టరు చెప్పిననాడు భద్రయ్య దవాఖాన మెట్ల మీద కూసోని, పోయేటోళ్లు వచ్చేటోళ్లు చూస్తున్నరని గూడ లేకుండ ఏడ్చిండు.

ఆ వేళ్లతోనే పిల్లగాడు రాజ్యమేలిండు. ఆటల వాడు ఉరుకుతడు, గోడలు దుంకుతడు, దెబ్బ తాకిన దోస్తును భుజాన ఏసుకొని తెస్తడు. జన్వాడల ఉండే సన్నీ అనేటోడు వాని జట్టే. దినాం మాట్లాడుతడు గని సాయిదీప్ లేచి నిలవడలేడని వానికి తెలువదు. "అన్నా, నువ్వు లేకుంటే మనం గెలువం!" అని వాడు అరుస్తుంటే వంటింట్ల ఉన్న తల్లి కృష్ణవేణి కొంగు నోట్ల పెట్టుకొని నవ్వుకునేది.

పాత ల్యాప్‌టాప్ ఒకటుండె. ల్యాప్‌టాప్ కాదది, బండరాయి. చేతులు టేబుల్ మీదికి లేవవు గనక ఒళ్లనే పెట్టుకోవాలె. అదేమో పిండి గిర్ని తీరు మోగుకుంట కాలుతది. ఒకనాడు కృష్ణవేణి వచ్చి చూసే వరకు తొడ మీద బొబ్బలు లేచినయ్. "కాలుతుంటే పిలవద్దారా!" అని ఆమె మొత్తుకుంటే, "మ్యాచ్ అయిపోయే దాక ఆగుదామనుకున్ననమ్మా" అన్నడు. కాలు జరగదు, చెయ్యి లేవదు, నోరైతే ఉన్నది గదా! పిలిస్తే ఆట ఆగిపోతదని ఓర్చుకున్నడు. ఇంక ఒళ్లె అది పెడితే ఊకోనన్నడు డాక్టరు. ఆట బందైంది.

అప్పుడే వాడు ఫోన్ల కొత్తదాన్ని చూపిచ్చిండు. పలకంత సన్నగున్నదట, ఎంత పెద్ద ఆటైనా ఆడుతదట, వేడిని వెనుకకు ఊదేస్తదట. "ఛాతి మీద పెట్టుకున్నా బరువుండది బాపు!" అన్నడు. వాని మొగంల అంత వెలుగు భద్రయ్య ఎన్నడో చూసిండు. చలికాలంల విడుదలన్నరు. చలి పోయింది. ఉగాది అటిటు అన్నరు. ఉగాది పోయింది, మల్ల వాయిదా.

"ఆ కంపెనీ వాని చేతులు పడిపో..." అని తిట్టబోయి భద్రయ్య నాలుక కరుచుకున్నడు. సాయిదీప్ మాత్రం పడి పడి నవ్విండు.

ఎదురుచూసినన్ని దినాలు వాడు దుప్పటి మీదనే ఆడేటోడు. బటన్లు ఎక్కడుంటయో అక్కడ వేళ్లు ఆడిస్తుండేటోడు. దుకాణం తెరువబోయే ముందు భద్రయ్య మంచం పక్కన కూసోని ఒక్కొక్క వేలుకు నువ్వుల నూనె రాసి మెల్లగ సాగదీసేటోడు.

"ఎట్లున్నయ్ రా?"

"మస్తున్నయ్ బాపు."

చిటికెన వేలు ఎప్పుడో మొండికేసింది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ అనలే.

ఎండలు ముదిరినంక ఆఖరికి విడుదలైంది. సాయిదీప్ తన ఫోన్ల తనే బుక్ చేసిండు. ఇల్లు గల్లీ లోపల ఉంటదని దుకాణం అడ్రస్ పెట్టిండు. తొలి వానలు పడ్డంక, ఒక పొద్దు కొరియర్ అతను డబ్బ తెచ్చి కౌంటర్ మీద పెట్టిండు. భద్రయ్య దాన్ని రెండు చేతుల మీద ఎత్తి చూసిండు. సంటిపిల్ల అంత బరువు గూడ లేదు! ఇంటికి ఉరుకుదామని చెప్పులు తొడుక్కున్నడు. తొడుక్కోని, గోడ మీది క్యాలెండర్ చూసిండు. ఆషాఢం పడ్డది.

అంతే, కాళ్లు ఆగిపోయినయ్. ఆషాఢంల కొత్త వస్తువు ఇంటికి తేవద్దని ఆయన తల్లి ధనమ్మ నెత్తీ నోరు కొట్టుకొని చెప్పినా, వెనుకట ఒకసారి అగ్గువకొస్తున్నదని ఆషాఢం ఆఫర్‌ల స్కూటర్ తెచ్చిండు. ఆ ఏడాదే సాయిదీప్ నడుస్తూ నడుస్తూ వాకిట్ల పడ్డడు. ఇది పుట్టుకతోటి వచ్చే రోగం సేటూ, బండికీ దీనికీ ఏం సంబంధమని డాక్టర్లు ఎంత చెప్పనీ, ఆయన కడుపుల ఆ స్కూటర్ మోగుతనే ఉన్నది.

డబ్బ తీస్కపోయి దుకాణంల లక్ష్మీదేవి పటం కింద పెట్టిండు. ఇంటికొచ్చి కొడుకు మొగం చూడకుంట, "ఇంకా రాలే బిడ్డా. బండి ఎక్కడ్నో ఆగిందట" అన్నడు.

సాయిదీప్ ఆయన దిక్కు జరసేపు చూసిండు. "సరే బాపు. ఎప్పుడొస్తే అప్పుడే" అన్నడు.

కృష్ణవేణి ఊకోలే. వంటింట్లకు గుంజుకపోయి, "పిల్లగాడు కండ్లు కాయలు కాసేటట్టు చూస్తుండు, ఇచ్చెయ్యరాదు?" అని కొట్లాడింది.

"మొదటి శ్రావణ శుక్రవారం పూజ చేసి ఇద్దాం. ఇన్నొద్దులు ఆగినం, ఇంక జరన్ని దినాలకు ఏమైతది?"

ఆమె గూడ ఆ ఇంటి కోడలే. ఆ స్కూటర్ వచ్చిననాడు హారతిచ్చింది తనే. పొయ్యి దిక్కు తిరిగింది.

బోనాల డప్పులు వినొస్తున్న ఒక పొద్దు ముసురు పట్టింది. సాయిదీప్‌కు పడిశం పట్టింది. మనకైతే రెండు దగ్గులు దగ్గితే పోతది. వానికి దగ్గే బలం లేదు. కఫం ఛాతిల గడ్డకట్టి జ్వరమొచ్చింది, మొయినాబాద్ దవాఖానకు తీసుకపోయిన్రు. మూతికి మాస్కు, పక్కన మిషన్. మంచం మీద చేతులు ఎట్ల పెడితే అట్లనే ఉన్నయ్. డబ్బ ఇక్కడికే తెద్దామా అని భద్రయ్యకు ఒకసారి తోచింది. ఇంకా ఆషాఢమే, పైంగ దవాఖాన. తోచిన బుద్ధిని తనే పారగొట్టుకున్నడు.

బతికిచ్చి పంపిన్రు, వాళ్ల పుణ్యం. ఇంటికొచ్చినంక నూనె రాస్తుంటే వేళ్లు తడిబట్ట లెక్క జారిపోయినయ్. నీరసం బిడ్డా, నాలుగు ముద్దలు తింటే బలం వస్తది అన్నడు భద్రయ్య. అవు బాపు అన్నడు సాయిదీప్.

శ్రావణ శుక్రవారం వచ్చింది. ల్యాప్‌టాప్ మూత మీద పసుపు, కుంకుమ పెట్టిన్రు, కొబ్బరికాయ కొట్టిన్రు. ఆట దాంట్ల ఎక్కే వరకు పూట గడిచింది. కృష్ణవేణి దిండ్లు ఎత్తు పెట్టి, చేతులు వాటి మీద ఆనిచ్చి, కొడుకు ఛాతి మీద దాన్ని నిలిపింది. నిజంగనే బరువు లేదు, వేడి లేదు, సప్పుడు లేదు. ఆ రంగులన్నీ వాని మొగం మీద పడ్డయ్. వాని చూపుడు వేలును భద్రయ్య ఒక బటన్ మీద పెట్టిండు.

"ఒత్తు బిడ్డా."

వేలు జర వణికింది. బటన్ దిగలే.

"ఒత్తురా, నా తండ్రీ. మెత్తగనే ఉన్నది."

వాని నొసటికి చెమట పట్టింది. బటన్ దిగలే. భద్రయ్య తన వేలు వాని వేలు మీద పెట్టి నొక్కిండు. బటన్ దిగింది. దించింది ఎవరో ముగ్గురికీ తెలుసు.

"దుకాణంకు వచ్చిననాడే నాకు మెసేజ్ వచ్చింది బాపు," అన్నడు సాయిదీప్. మాటకూ మాటకూ నడుమ శ్వాస తీసుకుంటున్నడు. "సామాను ఇచ్చేసినమని. నా ఫోన్ల నుంచే గదా బుక్ చేసింది."

భద్రయ్య వాని దిక్కు తిరిగిండు. "మరి... అడగకపోతివేందిరా?"

"స్కూటర్ ముచ్చట నాకెరుకే. ఆషాఢంల ఇస్తే దినాం నువ్వు భయపడుకుంట చస్తవ్. శ్రావణం దాక వేళ్లు ఆగుతయనుకున్న."

భద్రయ్యకు అరవాలనిపించింది, దుకాణంల ఆ లక్ష్మీదేవి పటం నేలకు కొట్టాలనిపించింది, తన మూతి మీద తనే గుద్దుకోవాలనిపించింది. అంతట్లనే ల్యాప్‌టాప్‌ల నుంచి సన్నీ గొంతు లేచింది. "అన్నా! వచ్చినవా? ఎన్నొద్దులాయె! ఉరుకు, నీ కోసమే ఆగినం!"

తెర మీద సాయిదీప్ మనిషి కదలకుండ నిలవడి ఉన్నడు.

"ఆ బటన్ ఒత్తి పట్టు బాపు. ముందుకు పోతడు."

పైపులు కోసీ కోసీ మొద్దుబారిన వేలు ఒక బటన్ అనుకొని రెండు ఒత్తింది. మనిషి పోయి గోడకు తగిలి అక్కడనే ఉరుకుతున్నడు. "ఎడమకు బాపు. ఎడమకు." భద్రయ్య కండ్లల్ల నీళ్లు నిండి బటన్లన్నీ కలిసిపోయినయ్. ఎటుదిక్కు నుంచో తుపాకి పేలింది. మనిషి రెండడుగులు నడిచి, మోకాళ్ల మీద పడి, బోర్లపడ్డడు. వెనుకట వాకిట్ల పడ్డట్టే పడ్డడు.

భద్రయ్య చెయ్యి తీసేసి కొడుకు చేతుల మీద తల పెట్టిండు. ఆ చేతులు ఆయన తల నిమరలే.

"ఏడ్వకు బాపు," అన్నడు సాయిదీప్. "ఆటల మల్ల లేస్తడు."