రేగుపొద కింది మట్టి

వానలు మొహం చాటేసిన ఏడాదికి మా రహమ్నా మైదానంలో ఒక కట్టుబాటు ఉంది. ఊరి పెద్దలు "ఇక పంట లేదు" అనేశారంటే అందరి పొలాలూ గొర్రెలకి వదిలేయాలి. ఎండిపోయే బార్లీ కనీసం వాటి కడుపులోకైనా పోతుందని. న్యాయమే. కానీ ఒక ఏడు నా పొలం ఎండిపోలేదు.

నాన్న పోయాక, ఆడదాన్నైనా నా వాటా నేనే సాగు చేస్తానని పట్టుబట్టాను. "ఒక్క పంట తీసి చూపించు. తీయలేకపోతే అదీ నేనే దున్నుతా" అన్నాడు మా అన్న దహ్మాన్, పెద్దల ముందే. గొర్రెలు దిగితే పొలం పోయినట్టే.

మా అక్క కూతురు ఇక్రామ్ వ్యవసాయ కాలేజీలో చదువుతోంది. రేగు వేళ్ళ మీద వెంట్రుక కన్నా సన్నని బూజు పోగులుంటాయని భూతద్దం పెట్టి చూపించింది. అవి బార్లీ వేళ్ళని పట్టుకుంటే, వేరు చేరలేని చోటి నుంచి కూడా తడీ సారమూ తెచ్చిపెడతాయట. రేగుపొద కింద జిన్నులు, అంటే దయ్యాలు, ఉంటాయని మా ఊళ్ళో ఎవరూ గునపం వేయరు. నేను దేవుణ్ణి తలుచుకుని, బిస్మిల్లా అని వేశాను. ఆ మట్టి విత్తనాలతో కలిపి చాళ్ళలో పోశాను. మా అన్నేమో పొరుగూరి ట్రాక్టరువాణ్ణి పిలిచి తన పొదలన్నీ పీకించేశాడు. జిన్నులు పడితే వాణ్ణే పడతాయని ధీమా.

పెద్దలు పంట లేదని మాట చెప్పిన మర్నాడు పొద్దున్నే అన్న మందని తోలుకుని నా గట్టు మీదకొచ్చాడు. వెనకే ఊరు ఊరంతా.

"జరుగు ఫద్దిలా. ఊరి మాట."

"పంట పోయిన పొలానికి కదా ఊరి మాట? ఇది పోయిందా? కళ్ళు కనపడట్లేదా అన్నా?"

"జిన్నుల మట్టి తెచ్చి పోశావు. ఆ గింజలు మనుషులు తింటారా?"

"మరి నీ గొర్రెలకెందుకు పెడదామనుకున్నావు?"

జనం గొల్లుమన్నారు. అన్న మొహం కందిపోయింది. పొట్టేలుని అదిలించాడు. నేను దాని కొమ్ములు రెండూ పట్టుకున్నాను. ఒళ్ళు మండిపోతోంది నాకు.

"దీన్ని దింపాలంటే ముందు నన్ను ఈడ్చెయ్. అందరూ చూస్తున్నారు, కానివ్వు!"

ఊరి పెద్ద హాజ్ లర్బీ చేలోకి దిగి ఒక మొక్క పీకబోయాడు. రాలేదు. రెండు చేతులా లాగితే వేళ్ళతో పాటు గుప్పెడు తడిమట్టి ఊడొచ్చింది. దాన్ని వేళ్ళతో నలిపి చూసుకున్నాడు.

"మందని తిప్పు దహ్మాన్" అన్నాడు.

ఆ ఏడు మా ఊళ్ళో కోతలు నా పొలంలోనే. నూర్పిళ్ళ రోజున అన్న వచ్చాడు. కూలీలందరూ అక్కడే ఉన్నారు.

"నీ పొలంలోని ఆ మట్టి నాకూ కొంచెం ఇస్తావా?" అన్నాడు.

మొదటిసారి నీ పొలం అన్నాడు.

"వినపడలేదన్నా, ఇంకోసారి గట్టిగా అను" అన్నాను.