షెడ్డులో కురిసిన మంచు

తిరుపతిరావు ఆ ఆటలో పడి పదకొండు రోజులైంది. యాభై రెండేళ్ళ మనిషి, నందిగామలో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు యజమాని, వత్సవాయి నుంచి ట్రాక్టర్లలో వచ్చే పత్తిని గుప్పెట్లో పిసికి తేమెంతో చెప్పేసే మొనగాడు. అలాంటివాడు మధ్యాహ్నం అన్నం తిని మంచమెక్కాల్సిన వేళ మిల్లు ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలాట ఆడుతున్నాడంటే నవ్వొస్తుందా, రాదా? ఆయన భార్య కమలాకుమారికి మాత్రం రోజూ వస్తూనే ఉంది.

అది రెండువేల ఏడు మే నెల. బయట రోళ్ళు పగిలే ఎండ, తెర మీదేమో మంచు. సీజను అయిపోయి మిల్లు మూసేశారు కాబట్టి ఆయనకి వేరే పనీ లేదు.

ఆ ఆట చేసింది కూతురు రాజ్యశ్రీ. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల, రోజూ ఎనిమిదింటి బస్సుకి జగ్గయ్యపేట వెళ్ళి అక్కడ కంప్యూటర్ పాఠాలు చెప్పి వస్తుంది. సొంత ఆట కూడా కాదట.

"సినిమా హీరోకి ఉన్నట్టే ఆటకీ అభిమానులుంటారు నాన్నా. మేం కటౌట్లు కట్టం, అంతే తేడా. నచ్చిన ఆటకి మేమే కొత్త భాగం చేసుకుంటాం. కంపెనీకి సంబంధం లేదు, అమ్ముకునేదీ లేదు."

"అమ్మనిదానికి మూడేళ్ళు కళ్ళు పొడుచుకున్నావా! సర్లే, నాకూ చూపించు."

"వద్దులే. నీకు నచ్చదు."

వద్దన్నాక ఊరుకుంటే ఆయన తిరుపతిరావు ఎందుకవుతాడు? మర్నాడు బస్సు అటు కదలగానే ఇటు ఆఫీసు కంప్యూటర్లో కూతురు దాచుకున్న ఆట మొదలుపెట్టాడు.

ఎర్రగౌను వేసుకున్న చిన్నపిల్ల మంచుగుహల్లో తిరుగుతుంటుంది. గెంతాలి, పాకాలి, దారులు వెతుక్కోవాలి. మొదట తెరుచుకోని తలుపు ఊరంతా తిరిగి మళ్ళీ అక్కడికే వస్తే తెరుచుకుంటుంది. ఆ పిల్లకి కత్తీ లేదు, తుపాకీ లేదు. ఉన్నదల్లా కేక. కీబోర్డు మీద పొడుగు మీట నొక్కితే పిల్ల ఎవరినో పిలుస్తుంది. పిలిస్తే పైనున్న మంచుగడ్డలు రాలి దారి ఏర్పడుతుంది, నిద్రపోయే ఎలుగుబంటి లేచి పక్కకి తప్పుకుంటుంది. మూడోరోజుకల్లా ఆయన బొటనవేలు ఆ మీట మీదే కాపురం పెట్టింది. ఏ గదిలోకి వెళ్ళినా ముందు పిలవడమే.

ఒక్కటే విచిత్రం. ఆ ఆటలో మంచు ఆరుబయట పడదు. ఇళ్ళలోపలే కురుస్తుంది, పైగా కిందికి రాలకుండా గాల్లోనే తిరుగుతుంటుంది. ఫిన్లాండ్ నుంచి ఎవరో ఇంటర్నెట్లో ఇదే అడిగారని భోజనాల దగ్గర కూతురు చెప్పినప్పుడు ఆయన పగలబడి నవ్వాడు. "మంచు చూసిన మొహాలా మనవి!" అన్నాడు. రాజ్యశ్రీ నవ్వలేదు. ఆయన గమనించలేదు.

పదకొండో రోజు చిట్టచివరి తలుపు తెరుచుకుంది.

పొడుగాటి రేకుల షెడ్డు. రెండు వరసల్లో మంచుతో చేసిన మిషన్లు. షెడ్డంతా తెల్లటి నలుసులు. తిరుపతిరావు కుర్చీలో ముందుకి జరిగాడు. ఓరి దేవుడా, అది మంచేమిటి, దూది! సీజనులో మిల్లు లోపల ఎగిరే దూది! ఇది తన షెడ్డే! గోడ మీద ఎర్రటి అక్షరాలు. ఆటంతా ఇంగ్లీషే అయినా ఇక్కడ మాత్రం తెలుగు. "మిషన్ మీదున్న మనిషిని పిలవరాదు. ఇట్లు, యాజమాన్యం."

ఆ బోర్డు తను రాయించినదే. ఇప్పటికీ షెడ్డు గోడ మీద ఉంది.

చివరి మిషను దగ్గర ఆకుపచ్చ చీర కట్టుకున్న ఆడమనిషి అటు తిరిగి పత్తి వేస్తోంది. ఎవరో ఆయనకి తెలిసిపోయింది. కాని బొటనవేలికి పదకొండు రోజుల అలవాటు. నొక్కేసింది.

పిల్ల పిలిచింది. ఆడమనిషి వెనక్కి తిరిగింది. గాల్లో మంచంతా ఒక్కసారిగా ఎర్రబడింది. తెర మీద రెండే మాటలు: "నువ్వే పిలిచావు." ఆట మళ్ళీ మొదటి గుహకి వెళ్ళిపోయింది.

తిరుపతిరావు మీటల మీంచి చెయ్యి తీసేశాడు. తొంభై ఎనిమిది డిసెంబరులో రాజ్యశ్రీకి పన్నెండేళ్ళు. తండ్రికి క్యారేజీ తెచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి, "దేవమణక్కా, నాన్నేడీ?" అని పిలిచిన మాట నిజమే. ఆ క్షణంలోనే, చివరి మిషన్లో పత్తి వేస్తున్న దేవమణి కుడిచెయ్యి రోలర్ల మధ్యకి వెళ్ళిపోయిన మాటా నిజమే. కాని చెయ్యి లోపలికి పోకుండా రోలర్ల ముందు ఉండాల్సిన ఇనప జాలీ లేదు. పత్తి జాలీకి తట్టుకుని పని నెమ్మదిస్తోందని అంతకు పదిరోజుల ముందు తనే ఊడదీయించాడు. విచారణకొచ్చిన ఆఫీసరుతో మాత్రం, "మా పాప పిలిచిందండి, ఆవిడ అటు తిరిగింది," అన్నాడు. పన్నెండేళ్ళ పిల్ల మీద ఎవరు కేసు పెడతారు? పిల్ల కదా, మర్చిపోతుందిలే అనుకున్నాడు. ఆ అబద్ధానికి దన్నుగా గోడ మీద బోర్డు కూడా రాయించాడు. దేవమణికి ఊడ్చే పనిచ్చి, ఇంటిమనిషిలా చూసుకుంటున్నానని అందరికీ చెప్పుకున్నాడు.

పిల్ల మర్చిపోలేదు. తొమ్మిదేళ్ళుగా మోస్తోంది.

సాయంత్రం రాజ్యశ్రీ వచ్చేసరికి ఆయన ఆ కుర్చీలోనే ఉన్నాడు. తెర చూడగానే ఆమె మొహం మాడిపోయింది.

"ఆడొద్దన్నాగా నాన్నా."

"ఆ గదిలో గెలవాలంటే ఏం చెయ్యాలమ్మా?"

"ఏం చెయ్యకూడదు. నోరు మూసుకుని గుమ్మంలో నిలబడాలి. ఆవిడ పనైపోయి తనంతట తనే తిరిగేదాకా, నలభై నిమిషాలు. అందరూ పిలిచేస్తారు. నేనూ అలాగే పిలిచా కదా."

"ఆరోజు జరిగింది నీవల్ల కాదమ్మా."

"ఊరికే నా మనసు కోసం చెప్పకు. నువ్వే చెప్పావు ఆఫీసరుతో. గుమ్మం పక్కనే ఉన్నా, విన్నా."

కూతురి రెక్క పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్ళాడు. దేవమణి అక్కడే ఎడమచేత్తో చీపురు పట్టి మూలలు ఊడుస్తోంది.

"ఆరోజు నిలబడ్డచోటే నిలబడు. నేను మిషను దగ్గర అటు తిరిగి నిలబడతా. ఆరోజు పిలిచినట్టే పిలువు."

"నావల్ల కాదు నాన్నా."

"నా మాట విను, ఈ ఒక్కసారికి!"

స్విచ్చి వేశాడు. మిషన్లన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. రేకులు అదిరాయి, మిగిలిపోయిన దూది లేచింది. ఆయన చివరి మిషను దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. పిలుపు కోసం చూశాడు. రాలేదు. ఇంకాసేపు చూశాడు. పాపం, పిలవలేకపోతోందేమో అనుకుని వెనక్కి తిరిగాడు.

రాజ్యశ్రీ అరుస్తోంది. మెడ నరాలు పొంగేలా, కళ్ళు మూసుకుని, గుప్పెళ్ళు బిగించి అరుస్తోంది. ఒక్క ముక్క కూడా ఆయనదాకా రావడం లేదు.

పరుగున వెళ్ళి స్విచ్చి తీసేశాడు. మోత ఆగాక "మణక్కా" అన్న కేక షెడ్డంతా మోగింది. ఆమె కళ్ళు తెరిచి తండ్రి వంక, ఆగిన మిషన్ల వంక బిత్తరపోయి చూసింది.

"నా ఆటలో ఈ మోత లేదు," అంది. "నాకు నా గొంతే గుర్తుంది."

దేవమణి చీపురు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. "ఇందులో ఎవరి మాట ఎవరికి వినపడుద్ది పాపా! మేం అందరం సైగలేగా చేసుకునేది. నువ్వు పిలిచావని నేను ఆస్పత్రి నుంచి వచ్చాక అయ్యగారు చెప్తే విన్నా."

"మరి నాన్న ఎందుకట్లా చెప్పాడు?"

తిరుపతిరావు తల దించుకున్నాడు. "జాలీ నేనే తీయించానమ్మా."

"జాలీ సంగతి మిల్లంతా తెలుసు అయ్యగారూ," అంది దేవమణి. "బతకాలి కాబట్టి నోరెత్తలా. పాప తన మీదేసుకుందని మాత్రం మాకు తెలవదు. తెలిస్తే ఆరోజే చెప్పేదాన్ని." ఎడమచెయ్యి రాజ్యశ్రీ బుగ్గకి ఆనించింది. "తొమ్మిదేళ్ళా, నా తల్లే!"

రాజ్యశ్రీ మొహం తుడుచుకుంది. తండ్రి వైపు చూడలేదు. బ్యాగులోంచి సెల్‌ఫోను తీసి రికార్డింగు పెట్టింది.

"అక్కా, ఆ గదిలో ఈ మోత పెట్టాలి. మిషన్లు వెయ్యి."

స్విచ్చి దగ్గర ఉన్నది తిరుపతిరావే. అయినా దేవమణి ఆయన్ని దాటుకుని వెళ్ళి ఎడమచేత్తో స్విచ్చి వేసింది. మిషన్లు అందుకున్నాయి. అప్పుడు తిరుపతిరావు రెండు చేతులూ జోడించి కూతురితో ఏదో అన్నాడు. మళ్ళీ దేవమణి వైపు తిరిగి అదే అన్నాడు. ఇద్దరికీ వినపడలేదు.