మెయిలులో మెయిలు

"బొరుగులు నానబెట్టి పోవే, కంప్యూటరు యాడికీ పారిపోదు" అంది మా అత్త సుబ్బరత్నమ్మ.

ఉగ్గానికి బొరుగులు నీళ్ళలో ముంచి, పిండి, పళ్ళెంలో వేస్తున్నాను. కింద ఆఫీసు గదిలో ఫోను మోగుతోంది. కడప నుంచేనని నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "పద్మా, దాని సంగతేందో చూడు పో" అన్నాడు. చూడడం నా వంతు. మాట్లాడడం మాత్రం ఆయనదే. కడపవాళ్ళ లెక్కలో మెయిళ్ళ ఫిల్టరు రాసిన ఇంజనీరు ఈ శివప్రసాద్ గారు కదా మరి!

మావాళ్ళది కోయిలకుంట్లలో కిరాణా వ్యాపారం. ఇక ముందంతా కంప్యూటర్లదే కాలమని మా ఆయన కర్నూలులో ఇల్లు తీసుకుని, కింద గదిలో ఆఫీసు తెరిచాడు. ఎంసీఏ చదివిన పిల్లే కావాలని వెతికి మరీ నన్ను చేసుకున్నారు. చదువుకు ఇంత విలువిచ్చే ఇల్లని అప్పట్లో పొంగిపోయాను, పిచ్చిమొహాన్ని. చెత్త మెయిళ్ళను ఏరి అవతల పడేసే ఫిల్టరు మొత్తం నేనే రాశాను. మధ్యలో కడుపు నిలవక ఆసుపత్రిలో పడుకుని, ఇంటికొచ్చి, ఒళ్ళు కూడదీసుకోకముందే మళ్ళీ కూర్చుని పూర్తి చేశాను. అమ్మే సీడీ పెట్టె మీద పేరు ఆయనది. ఒకసారి జీతం మాట ఎత్తితే అత్త బుగ్గ నొక్కుకుంది. "ఇంటి కోడలికి జీతమేందే? రేపు పప్పు చేసినందుకు గూడా అడుగుతావా?" మా ఆయన పగలబడి నవ్వాడు. ఆయనకు నవ్వు తొందరగా వస్తుంది.

కడపలో ఒక విత్తనాల కంపెనీ ఆ ఫిల్టరు కొనింది. నెలల తరబడి బాగానే నడిచిన ఆ ఫిల్టరు ఈ వారం పడిపోవడం మొదలుపెట్టింది. లేపితే క్షణం నిలబడి మళ్ళీ పడుతుంది. 'స్టాక్ ఓవర్‌ఫ్లో' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. "సాయంత్రానికి లేవకుంటే వాపసు ఇచ్చేస్తారంట. ఈ గిరాకీ పోయిందంటే ఈ గోలంతా మూసేసి చెప్పుల షాపు పెడతా. నువ్వు సుఖంగా ఇంట్లో ఉందువు" అన్నాడు మా ఆయన. సుఖంగానట! ఈ ఇంట్లో నేను మనిషినని నాకు గుర్తుండేది ఆ కింద గదిలోనే. అక్కడ తప్పు చేస్తే తప్పని తెలుస్తుంది, సరి చేస్తే నడుస్తుంది. నీ పుట్టింటివాళ్ళు నేర్పింది ఇదేనా అని ఏ కంప్యూటరూ అడగదు. అది కూడా పోతే నాకు ఏం మిగులుతుంది?

ఉగ్గాని తాలింపు పెట్టి, మిరపకాయ బజ్జీలు వేసి, అందరికీ పెట్టి కిందికి దిగాను. కడప ఆఫీసు మేనేజరు కృపమణి మేడం ఇరుక్కుపోయిన మెయిలును కాపీ చేసి వేరే అడ్రసు నుంచి పంపింది. చూడగానే అర్థమైంది. మెయిలుకు ఇంకో మెయిలును జతచేసి పంపితే, నా ఫిల్టరు లోపలిదాన్ని కూడా విప్పి చూస్తుంది. దాని లోపల ఇంకోటి ఉంటే దాన్నీ విప్పుతుంది. పైది పూర్తి కాకుండా లోపలికి దిగుతూ పోవడం వల్ల ప్రతిదానికీ కొంత జాగా పట్టి ఉంచుకోవాలి. ఆ జాగానే స్టాక్ అంటారు, అది అయిపోతే కూలబడుతుంది. లేపగానే మళ్ళీ అదే మెయిలు పట్టుకుంటుంది, మళ్ళీ కూలబడుతుంది. ఇంత లోతుగా మెయిళ్ళు జతచేసుకుంటూ పోయే పనిలేనివాళ్ళు ఎవరా అని ఒక్కొక్కటే తెరిచాను.

అందరూ మగవాళ్ళే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "పుట్టింటికి సర్వీసింగుకు పంపప్పా." "వారంటీ ఉంటాది, మామను అడుగు." "రిపేరెందుకు, కొత్త మోడల్ తెచ్చుకో." ఒక్కొక్కడు తన నవ్వు కలిపి ఇంకొకడికి తోశాడు. తెరుస్తూ తెరుస్తూ అన్నిటికంటే లోపలి మెయిలుకు వచ్చాను. "మా ఇంట్లో సిస్టం హ్యాంగయింది. లోపల ఏందో ఆగిపోయిందంట, కదల్లేదంట. ఊరికే నీళ్ళు కారుస్తాంది. రీస్టార్ట్ బటన్ యాడుంటాదో తెలిసినోళ్ళు చెప్పండప్పా." అడ్రసులో పేరు లేదు గానీ ఆ అడ్రసు నాకు తెలుసు. పంపింది మా ఆయన.

ఆ మాటలు నావి. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఆయన భుజం మీద తలపెట్టి అన్నాను, నా లోపల ఏందో ఆగిపోయినట్టుండాది, కదల్లేదు అని. ఆయన వీపు నిమిరాడు. ఆ నిమిరిన చేత్తోనే ఇది రాశాడు. లేచి ఆ తెరను పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు, అది నేను పని చేసుకునే తెర. కొంత లోతు దాటిన మెయిలును విప్పకుండా పక్కన పెట్టేలా ఫిల్టరును మార్చాను. కడప మెయిలును దానికే తినిపించి చూశాను. నిలబడింది.

ఎప్పుడొచ్చాడో వెనకాల నిలబడి తెర మీది మెయిలు చూశాడు మా ఆయన. మొహం కాస్త పాలిపోయి, వెంటనే సర్దుకుంది.

"తమాషాకు రాసినాలే. నీ పేరు పెట్టినానా ఏమన్నానా? తుడిచెయ్. వైరస్సని చెప్దాం."

అంతలో ఫోను మోగింది. ఆయనే ఎత్తాడు. ఏం సరిచేశామని అడిగినట్టున్నారు. ఫోనుకు చెయ్యి అడ్డంపెట్టి నాకందించాడు. "కృపమణి మేడం. వైరస్సని చెప్పు, అంతే."

నేను "హలో" అనగానే, "ఏందమ్మా, ఏం దొరికింది?" అంది అవతల గొంతు.

"వైరస్ కాదు మేడం. ఒకదాంట్లో ఒకటి పెట్టి తిప్పుకుంటాండే మెయిలు. ఇంట్లో సిస్టం హ్యాంగయిందని ఉంటాది, అది. సరి చేసినా, ఇంక పడదు."

"ఓ, అదా! ఫిల్టరు పడకముందు వచ్చినవి మా ఆఫీసు మొగోళ్ళు ఒకరిది ఒకరు చూసి నవ్వుకుంటాండారు. నాకైతే నవ్వు రాలేదమ్మా. ఎవురో గానీ ఆ యమ్మ, ఏం కష్టమొచ్చి ఆ మాటనిందో పాపం."

మా ఆయన పెట్టెయ్ పెట్టెయ్ అని చేత్తో సైగ చేస్తున్నాడు. ఏం కష్టమొచ్చిందని ఈ ఇంట్లో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

"ఆ యమ్మ నేనే మేడం" అన్నాను. "మీ ఫిల్టరు రాసింది గూడా నేనే. రేపు పొద్దున బస్సుకు నేనొక్కదాన్నే కడపకు వస్తాండా. మీ ఆఫీసులో నాకేమన్నా పనుంటాదేమో చూడండి."